కలము నేర్పుట, పీఠము నప్పగించుట: మహిళా విలేకరుల శిక్షణసంస్థల నాయకత్వముపై ఒక సమీక్ష

ప్రశ్న స్వరూపము

స్త్రీలకు పత్రికారచన నేర్పవచ్చునా అని నేడెవ్వరును సందేహించుట లేదు. సందేహమంతయు ఆ విద్యను నేర్పుచున్న సంస్థలను గూర్చియే. లాభాపేక్ష లేక, విరాళములతోను, ధర్మనిధులతోను, అప్పుడప్పుడు ప్రభుత్వసహాయముతోను నడచు ఆ సంస్థలకు నాయకత్వము వహించువారెవరు, వారు తమ శిష్యురాండ్రకు కలముతోపాటు మరేమి అప్పగించుచున్నారు, ఏమి తమచేతనే నిలుపుకొనుచున్నారు అను విషయములపై ముప్పది యేండ్లకు పైగా సాగుచున్న చర్చ, స్త్రీవాదులు, పత్రికావృత్తివారు, గ్రామాభివృద్ధి కార్యకర్తలు, దాతలు ఎవరి పరిభాషలో వారు మాటలాడుటచేత, చిక్కుపడిన నూలుకండెవలె నున్నది.

ఈ చిక్కునకు మూలము "శిక్షణ" అను ఒక్క పదమే. పట్టణములోని పత్రికాకార్యాలయమున ఉద్యోగము సంపాదించుటకు యోగ్యతనిచ్చుట కొందరి దృష్టిలో శిక్షణ. స్త్రీలే నడపుకొను పత్రికను నిలబెట్టుట మరికొందరి దృష్టిలో శిక్షణ. చదువు రాని స్త్రీ తన గొంతును, తన చూపును సాధనములుగా చేసికొనుట ఇంకొందరి దృష్టిలో శిక్షణ. దేశదేశములలోని స్థానికస్త్రీలచేత ప్రపంచపాఠకులకు వార్తలు వ్రాయించుట వేరొకరి దృష్టిలో శిక్షణ. ఈ నాలుగింటికిని నాయకులు వేరు, లక్ష్యములు వేరు, లోపములు వేరు. వానిని వేరుపరచి చూచినగాని వాదము తెమలదు.

ఈ చర్చను కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతముల కోణమునుండి పరిశీలించుటకు కారణము గలదు. సింగరేణి బొగ్గు, సిరిసిల్ల మరమగ్గము, జగిత్యాల కోరుట్లల బీడీ, ఆదిలాబాదు పత్తి, గల్ఫు వలస, ఏజెన్సీ గూడెముల జ్వరములు అను నిత్యవార్తావస్తువులన్నింటిలోను స్త్రీ యున్నది. కాని ఆ వార్తలను వ్రాసి పంపువారు అత్యధికముగ పురుషులు. ఇది ఒక్క ప్రాంతపు దుఃస్థితి మాత్రమే కాదు. ప్రపంచవార్తలలో ఎవరు కనబడుచున్నారో, ఎవరి మాట వినబడుచున్నదో ఐదేండ్ల కొకసారి లెక్కించు అంతర్జాతీయ మాధ్యమ పరిశీలనలో, 1995 లో స్త్రీల వాటా 17 శాతము; 2020 నాటికి 25 శాతము. పాతికయేండ్ల శ్రమకు ఫలితము ఎనిమిది పాళ్లు.

పూర్వరంగము

తెలుగునాట స్త్రీలకొరకు పత్రిక పుట్టుట ఒక దశ, స్త్రీల సంపాదకత్వమున పత్రిక నడచుట రెండవ దశ, వార్తాసేకరణవృత్తిలో స్త్రీ ప్రవేశించుట మూడవ దశ. వీరేశలింగము పంతులుగారు 1883 లో "సతీహితబోధిని"ని వెలువరించినప్పుడు స్త్రీ పాఠకురాలు; ఆమెకు హితము బోధించువాడు పురుషుడు. సత్తిరాజు సీతారామయ్యగారు 1902 లో స్థాపించిన "హిందూసుందరి" ఆ సంప్రదాయములోనే పుట్టినను, కొంతకాలమునకు మొసలికంటి రమాబాయమ్మ, వెంపటి శాంతాబాయమ్మ అను విదుషీమణుల సంపాదకత్వమునకు వచ్చినది. స్థాపించినవారు ఒకరు, తరువాత నడపినవారు వేరొకరు, అందును స్త్రీలు: నేడు మహాసంస్థలు సభలుచేసి చర్చించుచున్న నాయకత్వ బదిలీ అను సమస్యకు మనవారు శతాబ్దము క్రిందటనే ఆచరణలో ఒక సమాధానము చూపియున్నారు. పులుగుర్త లక్ష్మీనరసమాంబగారి "సావిత్రి", వింజమూరి వెంకటరత్నమ్మగారి "అనసూయ" మొదలే స్త్రీల చేతులలో పుట్టినవి. 1928 లో డాక్టరు కేసరిగారు ప్రారంభించిన "గృహలక్ష్మి", అటుపిమ్మట దుర్గాబాయమ్మగారి "ఆంధ్రమహిళ" ఆ వరుసలోనివే.

గోదావరికి ఇరువైపుల నున్న నైజాము మండలములలో పరిస్థితి భిన్నము. తెలుగున బడి పెట్టుటయే కష్టమైన యా రాజ్యమున, 1930 లో జోగిపేటయందు ఆంధ్రమహాసభతోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ జరుగుట గొప్ప విశేషము. 1935 లో మహాసభ కరీంనగర్ మండలములోని సిరిసిల్లకు వచ్చినది. కాని ఆ వేదికలపై మాటలాడిన స్త్రీల మాటలను పత్రికల కెక్కించినవారు చాలవరకు పురుషులే. తెలంగాణ సాయుధపోరాటములో పాల్గొన్న స్త్రీల కథనములను స్త్రీశక్తి సంఘటనవారు సేకరించి "మనకు తెలియని మన చరిత్ర"గా 1986 లో ప్రకటించుటకు నాలుగు దశాబ్దములు పట్టినది. స్త్రీ చెప్పినదానిని స్త్రీ విని వ్రాసినప్పుడు చరిత్రయొక్క రూపమే మారునని ఆ గ్రంథము నిరూపించెను. శిక్షణను గూర్చిన నేటి వాదములన్నియు ఏదో యొక విధముగ ఆ నిరూపణకు ఋణపడినవే.

మొదటి మార్గము: వృత్తిప్రవేశము

ఈ మార్గమువారి వాదము సరళము. వార్త యనునది ప్రధానస్రవంతి పత్రికలలోను, దూరదర్శన వాహినులలోను తయారగుచున్నది. కావున స్త్రీలకు అచటనే స్థానము సంపాదించవలెను, స్థానము దొరికినవారికి రక్షణ కల్పించవలెను, పైమెట్టుకు చేరుటకు చేయూతనీయవలెను. వాషింగ్టనులో 1990 లో వెలసిన అంతర్జాతీయ మహిళా మాధ్యమ ప్రతిష్ఠానము ధైర్యమునకు పురస్కారములను, ఆపదలో సహాయనిధిని, యుద్ధభూములకు వెళ్లువారికి భద్రతాశిక్షణను ఇచ్చుచు ఈ పక్షమునకు ప్రముఖ ప్రతినిధిగా నిలిచినది. మన దేశమున అమ్ము జోసెఫ్, కల్పనా శర్మ 1994 లో ప్రకటించిన పరిశీలన, స్త్రీల సమస్యలను భారతీయ పత్రికలు ఎట్లు చిత్రించినవో విమర్శించి, తరువాతి చర్చకు పునాది వేసెను. 2002 లో ఏర్పడిన భారత మహిళా మాధ్యమ సంఘజాలము ఒక దాతకు గాని, ఒక అధిపతికి గాని లోబడక, సభ్యురాండ్ర పరస్పరసహాయముపై నడచుచు, నాయకత్వమునకు వేరొక నమూనా చూపినది.

తెలుగు పత్రికలలో ఈ మార్గపు ఫలితము కొంత స్పష్టముగ కనబడుచున్నది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీచందూరుగారు దశాబ్దములపాటు నిర్వహించిన "ప్రమదావనము" వలన ఆమె స్త్రీ పాఠకలోకమునకు ఆప్తురాలైనారు. అటుపిమ్మట దినపత్రికలు మహిళాపుటలను తెరచినవి, డెస్కులలో మహిళా సబ్ ఎడిటర్లు వచ్చినారు. కాని విమర్శకులు రెండు లోపములను చూపుచున్నారు. మొదటిది, మహిళాపుట యొక పెరటితోటయై, ముందరి పుట మునుపటివలెనే ఉండిపోవుట. రెండవది, హైదరాబాదు డెస్కులో స్త్రీల సంఖ్య పెరిగినను, మండలకేంద్రమునుండి వార్త పంపు విలేకరి పురుషుడుగనే యుండుట. విలేకరి యను మాటకు తెలుగున స్త్రీరూపము వాడుకలో లేదు. "మహిళా విలేకరి" యని విశేషణము చేర్చుచున్నాము. విశేషణము అవసరమగుచున్నంతకాలము ఆమె యింకను విశేషముగనే యున్నదని యర్థము.

రెండవ మార్గము: స్వంత పత్రిక

ఉన్న యింటిలో గది యడుగుటకంటె వేరిల్లు కట్టుకొనుట మేలని వీరి సిద్ధాంతము. దీనికి లోకప్రసిద్ధమైన దృష్టాంతము ఉత్తరప్రదేశములోని చిత్రకూట మండలమున 2002 లో ప్రారంభమైన "ఖబర్ లహరియా". ఢిల్లీలోని నిరంతర్ అను స్త్రీవిద్యా సంస్థ శిక్షణతో, దళిత, ఆదివాసీ, ముస్లిము కుటుంబముల స్త్రీలు బుందేలీ భాషలో వ్రాసి, అచ్చువేయించి, ఊరూర తిరిగి తామే అమ్మిన యా పత్రిక 2004 లో చమేలీదేవి జైన్ పురస్కారమును, 2009 లో యునెస్కో అక్షరాస్యతా బహుమతిని పొందినది. ఒకనాడు శిక్షణ పొందిన కవితాదేవి కాలక్రమమున సంపాదకపీఠమునకు వచ్చుట, అచ్చుపత్రిక చరవాణితెరపైకి మారుట, రెండును ఈ మార్గపు సాఫల్యమునకు నిదర్శనములు. ఐనను, వీరిపై తీసిన "రైటింగ్ విత్ ఫైర్" అను చిత్రము 2022 లో ఆస్కారు పోటీకి ఎంపికైనప్పుడు, అది తమ పనియంతటిని గాక ఒక్క పార్శ్వమునే చూపినదని ఆ స్త్రీలే బహిరంగముగ ఆక్షేపించినారు. తమను గూర్చి ఇతరులు చెప్పిన ప్రశంసనుగూడ సరిదిద్దగల స్థితికి వచ్చుటయే వారి శిక్షణకు పరాకాష్ఠ యని ఒక పక్షము. ప్రపంచఖ్యాతిని తెచ్చిన చిత్రమును ఆక్షేపించుట కృతఘ్నత యని మరొక పక్షము. మొదటి పక్షమే బలవత్తరము. ఏలనన, వార్తను సవరించు హక్కు లేనివాడు విలేకరి కాడు.

ఇంతకంటె మనకు దగ్గరి యుదాహరణ చిత్తూరు మండలమున 2001 లో పొదుపుసంఘముల స్త్రీలతో వెలువడిన "నవోదయం". గ్రామీణ పేదరిక నిర్మూలన కార్యక్రమపు నీడలో పుట్టిన యా పత్రికలో, కూలిపని చేసి కాస్త చదువుకొన్న స్త్రీలు బాల్యవివాహములను, సారా దుకాణములను, పొలము తగవులను వార్తలుగా వ్రాసినారు. ప్రభుత్వపు నీడ చల్లనిదే. కాని ప్రభుత్వమునే ప్రశ్నింపవలసిన వార్త వచ్చినప్పుడు ఆ నీడ ఎంతవరకు నిలుచునను ప్రశ్న ఈ నమూనాకు పుట్టుకతో వచ్చినది. దీనికి ప్రతిగా, హైదరాబాదునుండి 1993 లో కొండవీటి సత్యవతిగారి సంపాదకత్వమున ఆరంభమైన "భూమిక" స్త్రీవాద పత్రికగా రచయిత్రుల చందాలపైనను, మిత్రుల సహాయముపైనను నిలిచి, తరువాత పీడిత స్త్రీలకొరకు దూరవాణి సహాయకేంద్రమును గూడ నడపినది. అది విలేకరులకు శిక్షణాలయము కాకపోయినను, వ్రాయుట నేర్చిన స్త్రీకి ప్రకటించు స్థలము గూడ కావలెనను సత్యమును ఆచరణలో చూపినది.

మూడవ మార్గము: సముదాయ మాధ్యమము

వెనుకటి రెండు మార్గములును అక్షరమును ఆధారము చేసికొన్నవి. 2011 జనగణనలో ఉమ్మడి ఆదిలాబాదు అక్షరాస్యత సుమారు 61 శాతము, కరీంనగరము సుమారు 64 శాతము. స్త్రీల అక్షరాస్యత ఈ సగటులకంటెను తక్కువ. అక్షరము రాని స్త్రీకి వార్తతో సంబంధము లేదా అను ప్రశ్నకు తెలంగాణమునుండియే ఒక సమాధానము వచ్చినది. జహీరాబాదు ప్రాంతమున 1983 లో స్థాపితమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దూరదర్శన్ నిర్మాతగా పనిచేసిన పి.వి. సతీష్‌గారి మార్గదర్శకత్వమున, దళిత రైతుస్త్రీలకు శబ్దగ్రహణమును, చలనచిత్రగ్రహణమును నేర్పి, 2001 లో వారి పేరనే సముదాయ మాధ్యమ న్యాసమును ఏర్పరచినది.

ఆ శిక్షణలోని యొక చిన్న విషయమును దగ్గరగ చూడవలసియున్నది. కెమెరాను పైనుండి క్రిందికి చూపించి చిత్రించు కోణమునకు ఆ స్త్రీలు "పటేలు షాట్" అని పేరు పెట్టుకొన్నారు. గడీ అరుగుపై కూర్చున్న దొర నేలపై నిలుచున్న కూలిని చూచు చూపు అది. క్రిందినుండి పైకి చూచు కోణము వెట్టివాని చూపు. కన్నుకు కన్ను సమానముగ, చాపపై ఎదురెదురు కూర్చున్నట్లు తీయునది "సంఘం షాట్". తమ చిత్రములకు సహజమైన కోణము మూడవదియే యని వారు నిశ్చయించుకొన్నారు. చలనచిత్ర విద్యాలయములు సాంకేతికముగ బోధించు విషయమును వారు సాంఘికముగ గ్రహించి, ప్రతి కోణములోను ఒక అధికారసంబంధ మున్నదని తమ అనుభవమునుండి తామే పేరుపెట్టి చెప్పినారు. వరంగల్ మండలపు బీటీ పత్తి రైతుల నష్టముపై వారు 2003 లో తీసిన చిత్రము ఆ చూపుతోనే ప్రపంచవేదికల కెక్కినది.

రేడియో కథ మరింత విచిత్రము. వాయుతరంగములు ప్రజల సొత్తని సర్వోన్నత న్యాయస్థానము 1995 లో తీర్పు చెప్పినది. మాచనూరులో ఆ స్త్రీల రేడియోకేంద్రము అప్పటికి కొన్నియేండ్లలోనే సిద్ధమైనను, స్వచ్ఛందసంస్థలకు ప్రసారపు అనుమతి 2006 వరకు లేకపోవుటచేత, వారు కార్యక్రమములను క్యాసెట్లలో నింపి సంఘముల సమావేశములలో వినిపించుచు వచ్చినారు. చివరకు 2008 అక్టోబరు 15 న, ఆ తీర్పు చెప్పిన ధర్మాసనమునకు నాయకత్వము వహించిన జస్టిస్ పి.బి. సావంత్‌గారి చేతులమీదుగా "సంఘం రేడియో" ప్రసారము లారంభించినది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అను స్త్రీలు దానిని నడపినారు. కాని సముదాయ రేడియోలు స్వంతముగ వార్తలను ప్రసారము చేయరాదను నియమము వారినిగూడ బంధించినది. విత్తనముపై, వానపై, పాటపై, వంటపై మాటలాడవచ్చును. వార్త యను పేరుతో మాటలాడరాదు. కావున చట్టము దృష్టిలో వీరు విలేకరులు కారు, జనము దృష్టిలో వీరికంటె విలేకరులు లేరు. ఈ వైరుధ్యమును తొలగింపక సముదాయమాధ్యమమును ప్రత్యామ్నాయమని కీర్తించుట సగము సత్యమే.

నాలుగవ మార్గము: దేశాంతర వార్తాజాలము

యునెస్కో ప్రోత్సాహముతో 1978 లో పుట్టి, పిమ్మట ఢిల్లీ కేంద్రముగ స్వతంత్రమైన విమెన్స్ ఫీచర్ సర్వీస్, తృతీయప్రపంచ స్త్రీల దృష్టినుండి వార్తావ్యాసములను పత్రికల కందించుటలో తొలిది. ఇరువదియొకటవ శతాబ్దమున ఈ భావమును విస్తరించినది గ్లోబల్ ప్రెస్. నేపాలులో విదేశీ విలేకరిగా పనిచేసి, ఆ దేశపు కథను ఆ దేశస్త్రీలే తనకంటె బాగుగ చెప్పగలరని గ్రహించిన క్రిస్టీ హెగ్రానెస్ అను అమెరికా పత్రికారచయిత్రి 2006 లో దీనిని స్థాపించినది. మెక్సికో, నేపాలులతో ఆరంభించి, అనేక దేశములలో స్థానికస్త్రీలను ఎంపికచేసి, శిక్షణ ఇచ్చి, వేతనముపై నియమించుట దీని పద్ధతి. "అభివృద్ధి చెందుచున్న దేశము" వంటి మాటలను నిషేధించి, వాని స్థానమున స్పష్టమైన వర్ణనను కోరు వీరి రచనానియమావళి పలువురి ప్రశంస నందుకొన్నది.

శిక్షణనిచ్చి వదలివేయక ఉద్యోగముగూడ నిచ్చుట ఈ మార్గపు ముఖ్యగుణము. దీని విమర్శకులు అడుగునదేమనగా: ఆ స్త్రీ వ్రాసిన కథను ఎక్కువగ చదువువారెవరు? ఆదిలాబాదు ఏజెన్సీలోని ఉట్నూరు కథను వాషింగ్టను పాఠకుడు చదివిన మంచిదే. ఉట్నూరులో ఎవరును చదువకపోయిన అది ఉట్నూరుకు వార్త యగునా? రచయిత్రి స్థానికురాలు, శైలినియమము దూరదేశపుది, నిధి దూరదేశపుది యైనప్పుడు, స్థానికత ఎంతవరకు నిలుచునను ప్రశ్నకు ఆ సంస్థలు స్థానికభాషలలో గూడ ప్రకటించుటద్వారా కొంత సమాధానము చెప్పుచున్నవి. పూర్తి సమాధానము మాత్రము కాదు.

తులనాత్మక సంగ్రహము

వృత్తిప్రవేశ మార్గమున నాయకులు వృత్తిలో పేరుపొందిన స్త్రీలు. బలము, ముందరి పుటపై ప్రభావము. లోపము, మండలస్థాయి విలేకరికి చేరకపోవుట.

స్వంత పత్రికా మార్గమున నాయకులు మొదట శిక్షకులు, పిమ్మట శిష్యురాండ్రు. బలము, సంపాదకనిర్ణయము చేతికి వచ్చుట. లోపము, చందాలపై గాని ప్రకటనలపై గాని నిలువలేక నిధులకై ఎదురుచూచుట.

సముదాయ మాధ్యమ మార్గమున నాయకత్వము సంఘమునది. బలము, నిరక్షరాస్య స్త్రీకిని ప్రవేశముండుట, భాష తన యింటిభాషయే యగుట. లోపము, చట్టరీత్యా వార్తకు దూరమగుట, వ్యవస్థాపకుని నీడ దీర్ఘముగ నిలుచుట.

దేశాంతర వార్తాజాల మార్గమున నాయకులు విదేశములలోనో మహానగరములలోనో ఉందురు; బలము, వేతనము, భద్రత, ప్రమాణబద్ధమైన రచన; లోపము, పాఠకుడు దూరస్థుడగుట.

ఈ నాలుగింటిని సరిపోల్చినచో ఒక విషయము తేటపడుచున్నది. నేర్పుటలో నాలుగును సఫలములైనవి. స్త్రీకి విలేకరితనము పట్టుబడదను శంక ఏ మార్గములోను మిగులలేదు. భేదమంతయు ఏది వార్త, ఏది కాదు అను తుది నిర్ణయము ఎవరి చేత నున్నదను చోటనే.

కరీంనగరము, ఆదిలాబాదు: నమూనాలు నిలుచు నేల

జిల్లాపేజీలో బీడీవార్త సాధారణముగ వచ్చు తీరు అందరికిని తెలిసినదే: ధర్నా, నాయకుని ఉపన్యాసము, వినతిపత్రము, బ్యానరు పట్టుకొని వరుసగ నిలిచినవారి ఛాయాచిత్రము. ఆ ఫొటోలో వెనుకవరుస నున్న స్త్రీ యింటికి పోయి ఒడిలో చాట పెట్టుకొని కూర్చుండునప్పటి వార్త వేరు. కార్ఖానావారు తూచి యిచ్చిన తునికాకులో చిల్లులు పడినదెంత, వేయి బీడీలకు తరుగుపడిన ఆకును ఆమె బయట ఎంత పెట్టి కొన్నది, లెక్క అప్పజెప్పునాడు పనికిరావని తీసివేసినవెన్ని, పి.ఎఫ్. ఆమె పేరున నున్నదా అత్తగారి పేరున నున్నదా. ఈ కడపటి ప్రశ్న చిన్నది కాదు; తెలంగాణ ప్రభుత్వము 2015 లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతి నారంభించి, 2019 లో దానిని 2,016 రూపాయలకు పెంచినప్పుడు, అది ఏ యింటికి వచ్చును, ఏ యింటికి రాదు అను భేదము ఆ పి.ఎఫ్. ఖాతాపైననే ఆధారపడినది. ఆ యింటి అరుగుపై కూర్చుండి నాలుగు కట్టలు చుట్టులోపల ఈ నాలుగు ప్రశ్నలు అడుగగల విలేకరి, బీడీ చుట్టుట తెలిసిన స్త్రీయైనచో, ధర్నావార్త మరునాటికే వేరుగ నుండును.

ఆదిలాబాదు ఏజెన్సీలో ఈ భేదము భాషతో ఇంకను లోతగుచున్నది. కేస్లాపూరు నాగోబా జాతరను పత్రికలు ఏటేట విస్తారముగ వ్రాయును. వ్రాతలో సింహభాగము మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫు కాలమునుండి వచ్చుచున్న దర్బారునకు, అందు అధికారులు చేయు వాగ్దానములకు దక్కును. గోండులలోని మెస్రం వంశపు కొత్తకోడండ్రను దేవునికి పరిచయముచేయు "భేటింగ్" అను కర్మమునకు ఒక ఛాయాచిత్రము, రెండు పంక్తులు. తెల్లచీరలతో వరుసగ నిలిచిన ఆ కోడండ్రు ఏ యూరినుండి వచ్చినారు, ఆశ్రమపాఠశాల ఏ తరగతిలో మానినారు, జ్వరమొచ్చిన బిడ్డను ఏ వాగు దాటి ఆసుపత్రికి తెచ్చుచున్నారు అను వార్త గోండీలోనో కొలామీలోనో అడిగినగాని పలుకదు. పొరుగున ఛత్తీస్‌గఢ్‌లో 2010 లో ఆరంభమైన సీజీనెట్ స్వర, గోండీలో మాటలాడి చరవాణిద్వారా సమస్యను నమోదుచేయు మార్గమును చూపినది. గుంజాలలో దొరికిన గోండీ లిపి 2018 లో యూనికోడులో చేరినది. సాధనములున్నవి. వానిని చేతబట్టు గోండు స్త్రీకి విలేకరిస్థానమే లేదు.

ఇక్కడ ఏ శిక్షణసంస్థయు దాటవలసిన అసలు అడ్డంకి నైపుణ్యము కాదు, మండల విలేకరితనపు ఆర్థికవ్యవస్థ. జిల్లాకొక టాబ్లాయిడ్ వచ్చిన తరువాత వార్తకు డిమాండు పెరిగినది. 2016 అక్టోబరు 11 న ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదులు ప్రధానముగ నాలుగేసి జిల్లాలైన పిదప మరింత పెరిగినది. కాని మండలస్థాయి కంట్రిబ్యూటరుకు నెలజీతము అరుదు. అచ్చైన పంక్తులనుబట్టి లైన్ అకౌంటు, పండుగలకును పుట్టినరోజులకును నాయకులవద్ద తెచ్చిన ప్రకటనలపై కమీషను, అది చాలకున్న వేరొక వ్యాపారము, ఇదియే చాలచోట్ల వానికి బ్రతుకుతెరువు. రాత్రి తొమ్మిదింటికి ప్రమాదస్థలమునకు బండిపై పోవుట, పోలీసుస్టేషనులో కూర్చుండి ఎఫ్‌ఐఆర్ అడుగుట, ప్రకటనల టార్గెటు నింపుటకు సర్పంచి యింటి చుట్టు తిరుగుట, ఇవి యన్నియు ఆ బ్రతుకుతెరువులోని భాగములు. ఆరునెలల శిక్షణలో ఆమెకు శీర్షిక పెట్టుట నేర్పవచ్చును. ఈ వ్యవస్థను మార్చనిచో ఆమె యే పత్రికలో నిలుచును? గల్ఫునకు పోయిన భర్త పంపు పైకముతో నడచు యింటిలోని కోడలు, రాబడి లేని కొలువునకు, అందును ఊరి కంటబడు కొలువునకు, అత్తమామలను ఒప్పించుట ఎట్లు?

తేలని ప్రశ్నలు

మొదటిది జీతము. శిక్షణకు దాతలు దొరకుదురు, శిబిరమునకు ఛాయాచిత్రములు దొరకును. మూడేండ్ల జీతమునకు దాత దొరకుట కష్టము. శిక్షణలెక్కలు తలల సంఖ్యతో చూపబడుచున్నవే గాని, ఐదేండ్ల పిమ్మట ఎందరు వృత్తిలో నిలిచినారను లెక్కతో చూపబడుట తక్కువ.

రెండవది వ్యవస్థాపకుని పిమ్మటి కాలము. సతీష్‌గారు 2023 మార్చిలో మరణించినప్పుడు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యెదుట నిలిచిన ప్రశ్న, దూరదృష్టిగల ప్రతి వ్యవస్థాపకుని సంస్థ యెదుటను నేడో రేపో నిలుచునదే. నాయకుడు గొప్పవాడైనకొలది ఆ పీఠము ఖాళీ చేయుట కష్టమగుచున్నది. ఇచట ఒక పక్షమువారు, నిధిసేకరణ, చట్టబద్ధత, దాతలతో ఆంగ్లమున ఉత్తరప్రత్యుత్తరములు విద్యావంతుల పనియని, వార్తానిర్ణయము మాత్రము స్థానికస్త్రీల దని విభజింతురు. రెండవ పక్షమువారు, డబ్బు ఎవరి చేత నుండునో నిర్ణయము వారి చేతనే యుండునని అనుభవముచేత చెప్పుదురు. ఈ వాదము ముగియలేదు.

మూడవది కులము. మహిళలు అను మాట ఏకవచనము కాదు. పట్టణపు అగ్రవర్ణ స్త్రీ నాయకత్వమున గ్రామపు దళితస్త్రీ విలేకరి యగుట ముందడుగే. ఆమె నాయకురాలగుట మరొక అడుగు. మొదటి అడుగునే గమ్యముగ ప్రకటించు సంస్థలు కొన్ని గలవు.

నాల్గవది భద్రత. యునెస్కో పక్షాన 2020 లో జరిగిన అంతర్జాతీయ సర్వేలో, ప్రత్యుత్తరమిచ్చిన మహిళా పత్రికారచయిత్రులలో 73 శాతము అంతర్జాలములో వేధింపులకు గురియైనట్లు చెప్పినారు. మహానగరపు విలేకరి వెనుక ఒక సంస్థ, ఒక న్యాయవాది ఉందురు. మండలకేంద్రమున ఆమెను వేధించువాడు ఎదురింటివాడే, రేపు ఫిర్యాదు తీసికొనవలసినవాడు అతని బంధువే కావచ్చును. స్మార్ట్‌ఫోను, యూట్యూబు ఛానలు ఆమెకు అచ్చు అక్కరలేని పత్రికనిచ్చినవి. రక్షణ నిచ్చుట వానివలన కాలేదు.

ఉపసంహారము

ఈ నాలుగు మార్గములలో ఒకదానిని మేలని, తక్కినవానిని కీడని తీర్పుచెప్పుట ఈ సమీక్షకు సాధ్యము కాదు, ఉచితమును కాదు. కరీంనగరపు బీడీకార్మికురాలికి స్వంత పత్రికా మార్గమును, ఆదిలాబాదు గోండు స్త్రీకి సముదాయ మాధ్యమ మార్గమును, పట్టభద్రురాలై జిల్లాకేంద్రమున డెస్కులో చేరదలచిన యువతికి వృత్తిప్రవేశ మార్గమును అనుకూలమని చెప్పవచ్చును. మూడింటికిని ప్రమాణము, వేతనము ఎట్లుండవలెనో దేశాంతర వార్తాజాలములనుండి నేర్వవచ్చును. కాని ఏ మార్గమైనను, నాయకులను కొలుచుటకు ఒకే కొలబద్ద గలదు. ఎందరికి నేర్పినారన్నది ఆ కొలబద్ద కాదు. నేర్చినవారు తమకు నేర్పినవారితో, "ఇది వార్త కాదు, అది వార్త" అని విభేదించినప్పుడు ఎవరి మాట చెల్లినదన్నదే.

పత్రికలు చట్టము ప్రకారము, సాధారణముగ చివరిపుట అడుగున, మిక్కిలి చిన్న అక్షరములతో ముద్రాపకుని, ప్రచురణకర్త, సంపాదకుని పేర్లు అచ్చువేయును. పాఠకు లెవ్వరును ఆ పంక్తిని చదువరు. "హిందూసుందరి"లో సంపాదకస్థానమున పురుషుని పేరు పోయి ఇద్దరు స్త్రీల పేర్లు వచ్చిన నాటినుండి నేటివరకు, శిక్షణను గూర్చి వ్రాసిన నివేదికలు, ఇచ్చిన పురస్కారములు, జరిగిన సభలు లెక్కకు మిక్కిలి. ఆ నివేదికలను చదువుటకు ముందు చివరిపుట తిరుగవేసి, ఆ చిన్న యక్షరముల పంక్తి నొకసారి చూచుట మంచిది.